వెనక నుంచి జవాబు

ఫజలుద్దీన్ ఎక్కడికి నడిచినా ముందే నడుస్తాడు. మంచిర్యాల మార్కెట్లో ఆయనను ఎరిగినవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. దావత్‌కు పోయినా, దవాఖానకు పోయినా ఆయన నాలుగు అడుగులు ముందు, భార్య ఉమ్రావ్ బేగం నాలుగు అడుగులు వెనక. ఆమె రోడ్డు దాటిందా, చెప్పు తెగి ఆగిపోయిందా అని తిరిగి చూసే అలవాటు ఆయనకు లేదు. వస్తుందిలే. పెళ్లయిన నాటి నుంచి వస్తూనే ఉంది, ఇవాళ మాత్రం ఎక్కడికి పోతుంది? మనిషి చెడ్డవాడేం కాదు. తాళ్లు, టార్పాలిన్లు, వడ్ల కుప్పల మీద కప్పే పట్టాలు అమ్ముకునే దుకాణందారు. తాడు కొలిస్తే మూరెడు ఎక్కువ పోతుంది గాని జానెడు తక్కువ పడదు. కాకపోతే ఇంట్లో ఏది ఔను, ఏది కాదు అని తేల్చే హక్కు మాత్రం ఆయన ఎవరికీ గజం కూడా కోసి ఇవ్వలేదు.

ఆ ఇంటికి ఒక సంబంధం వచ్చింది. బిడ్డ హుస్నా ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే కొలువులో ఉంది. పిల్లవాడు సాద్‌ది కాగజ్‌నగర్, తండ్రి లేడు, తల్లి ఉంది, రైల్వేలో ఇంజన్ నడిపే ఉద్యోగం. తల్లీకొడుకులు వచ్చి చూసి వెళ్లారు. పిల్ల నచ్చిందని వాళ్లు అక్కడే చెప్పేశారు. మా మాట తర్వాత చెబుతామని ఫజలుద్దీన్ మర్యాదకు కాస్త బిగదీసుకున్నాడు గాని లోపల మాత్రం లడ్డూ తిన్నంత సంబరం. మర్నాటి నుంచి తాడు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ తాడుతో పాటు ఆ కబురు కూడా చుట్టి ఇచ్చాడు. "మా కాబోయే దామాద్ రైలు నడుపుతడు. వాడు కదిలిస్తెనే బండి కదులుతది."

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. లారీలు తిప్పుకునే తమ్ముడు మోయిజ్ ఒకనాడు దుకాణం మెట్ల మీద కూర్చుని, చాయ్ ఊదుకుంటూ అసలు ముచ్చట బయటపెట్టాడు.

"భాయ్, గా పిల్లగాని పనేందో జర అరుసుకున్నవా? ఇంజన్ నడుపుడు నిజమే. కని ముందటి ఇంజన్ కాదు. గుట్టెక్కే ఘాటు కాడ బొగ్గుబండి ఎక్కలేకపోతే ఎనకకెళ్లి నూకే ఇంజన్. గుట్ట మీదికి నూకుతడు, ఒక్కడే వాపస్ వస్తడు. మల్ల నూకుతడు, మల్ల వాపస్ వస్తడు. ఏ ఊరికి పోడు, ఏ ఊరు చూడడు. చెట్టెక్కెటోన్ని ఎంత దూరమని ఎక్కదోస్తం అంటరు సూడు, గీ పిల్లగాని కొలువే అది!"

దుకాణంలో ఉన్న ఇద్దరు గిరాకీలు నవ్వారు. ఆ నవ్వు ఫజలుద్దీన్ చెవిలో ముల్లులా దిగింది. రైలు నడిపే అల్లుడని ఊరంతా టాంటాం వేసుకున్నాడు కదా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగాలి? ముందుండి గుంజేవాడు మగాడు గాని వెనక ఉండి నూకేవాడు ఏం మనిషి? ఇంటికి వచ్చి చెప్పు విడవకముందే, "గా సంబంధం వద్దు," అన్నాడు.

"ఆయన నాకు ముందుగాలనే చెప్పిండు అబ్బా, ఎనక ఇంజన్ అని," అంది హుస్నా తండ్రితో. "దాంట్ల తప్పేముంది? నాకు ఇష్టమే."

"నీకు తెల్వది," అన్నాడాయన.

హుస్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి లోపలికి పోయింది. ఉమ్రావ్ బేగం బట్టలు మడత పెడుతూ ఆ మూలనే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. చేతిలో ఉన్న దుపట్టాను మాత్రం ఒకసారి మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

ఔననే మాట ఫోన్లో చెప్పినా చెల్లుతుంది. కాదనే మాట మాత్రం ఎదురుగా కూర్చుని, వాళ్లింటి చాయ్ తాగి చెప్పాలని ఫజలుద్దీన్ పద్ధతి. అందుకే ఆ వానాకాలపు పొద్దున భార్యను వెంటబెట్టుకుని కాగజ్‌నగర్ పోయే ప్యాసింజరు ఎక్కాడు. ఆడవాళ్ల చెవిన ఆడవాళ్లు వేస్తేనే అలాంటి మాట నొప్పి లేకుండా దిగుతుందని ఆయన లెక్క. ఏం వేయాలో మాత్రం ఆమెతో మాట్లాడలేదు. కిటికీ పక్కన తాను కూర్చున్నాడు.

బెల్లంపల్లి దాటాక వాన పట్టుకుంది. అడవిలోకి పోయాక బూరుగువాగు అనే చిన్న స్టేషన్లో బండి ఆగింది. రెండు నిమిషాలు ఆగే బండి, జనం సిగరెట్లు కాల్చి, చాయ్ తాగి, ఇద్దరు ముగ్గురు కునుకు కూడా తీసేసినా కదల్లేదు. ఊరుకోవడం ఫజలుద్దీన్ ఒంట్లో లేదు. దిగాడు. వెనకే ఉమ్రావ్ బేగం కూడా గొడుగు పట్టుకుని దిగింది.

ప్లాట్‌ఫారం మీద ఎరుపు, ఆకుపచ్చ జెండాలు చంకలో పెట్టుకుని స్టేషన్ ఉద్యోగి ఒకాయన నిలబడి ఉన్నాడు. నెత్తి మీద నీలం పట్టా ముక్క కప్పుకున్నాడు. పేరు హనుమండ్లు అని అక్కడి చాయ్ అమ్మే మనిషి పిలుస్తుంటే తెలిసింది. ఫజలుద్దీన్ చూపు ముందు ఆ పట్టా మీదే పడింది.

"గీ పట్టా యాడ కొన్నవ్ హనుమండ్లు? నీళ్లు దిగుతున్నయ్. మంచిర్యాలకొస్తే నా దుకాణంకు రా, మంచిది ఇస్త. అది సరే, బండెందుకు ఆపిండ్రు?"

"నేను ఆపలే సేఠ్. గాయన ఆపిండు," అంటూ హనుమండ్లు గడ్డంతో ముందుకు చూపించాడు.

ప్లాట్‌ఫారం చివర నుంచి రెండు కొబ్బరిచెట్ల ఎత్తు దూరంలో, అదే పట్టాల మీద ఒక ఇంజన్ నిలబడి ఉంది. దాని ముందు ఒక బొగ్గు డబ్బా, దాని ముందు ఇంకో డబ్బా, ఇంకోటి, ఇంకోటి. పట్టాలు అక్కడి నుంచే మీదికి లేచి గుట్టను చుట్టుకుంటూ పోతున్నాయి. డబ్బాలు కూడా వాటితోనే మీదికి లేచి, మోదుగు చెట్ల నడుమ నల్లగా వంగి, పట్టాల కోసం గుట్టను తొలిచిన రాతి కోత పక్క నుంచి మలుపు తిరిగి కనబడకుండా పోయాయి. ఫజలుద్దీన్ వాటి చివర ఎక్కడుందోనని మెడ సాచాడు. పైన, ఆ గుట్ట భుజం మీద, ఇంకో మలుపులో మళ్లీ డబ్బాలు కనిపించాయి. అవి వేరే బండివి అనుకున్నాడు.

"గవి గూడ దీనియే, అరవై దాక ఉంటయ్," అన్నాడు హనుమండ్లు. "ముందట రెండు ఇంజన్లు గుట్ట అవుతల ఉన్నయ్. గీడికెల్లి కనవడయ్."

 లారీకి ఎక్కే బొగ్గు ఎంతో ఫజలుద్దీన్‌కు తెలుసు. ఒక్కో డబ్బాలో అలాంటి లారీలు నాలుగైనా పోస్తారు. అలాంటి డబ్బాలు అరవైకి దగ్గర దగ్గర. ఒక చిన్న ఊరి ఇళ్లన్నీ పెకిలించి చక్రాల మీద పెట్టి గుట్ట ఎక్కిస్తున్నట్టుంది.

"మరి నిలవడ్డదేంది?"

"మీద పట్టాల మీద చెట్టుకొమ్మ ఇరిగిపడ్డది. తీసేసిండ్రు. కని ఎక్కుడు మీద నిలవడ్డ బండి మల్ల లేవాలె గద సేఠ్. ఉరుకుతనే ఎక్కుడు వేరు, ఆగి లేసుడు వేరు. పట్టాలు తడిసి ఉన్నయ్, చక్రం జారుతది. లేస్తె లేసినట్టు. లేకపోతే బండిని నడుమకు ఇరిచి, సగం ముందు, సగం ఎనక తీస్కపోవాలె. ఇగ మీరు పొద్దూకేదాక గీడనే."

అప్పుడే గుట్ట అవతల నుంచి కూత వినబడింది. వానలో తడిసి, కొండకు తగిలి, బక్కచిక్కి వచ్చిన కూత. ఎవరో చాలా దూరం నుంచి పేరు పెట్టి పిలిచినట్టుంది. అది ఆగాక, ఎదురుగా ఉన్న వెనక ఇంజన్ అదే వరసలో జవాబు కూసింది. ప్లాట్‌ఫారం రేకులు అదిరాయి.

ఆ జవాబు కూత కిందనే, ఫజలుద్దీన్ వెనక నుంచి, చాలా చిన్నగా ఒక మాట వినబడింది.

"చలో."

ఆయన తిరిగి చూశాడు. ఉమ్రావ్ బేగం గొడుగు కింద నిలబడి ఇంజన్ వైపే చూస్తోంది. తాను మాట్లాడానన్న సంగతి కూడా ఆమెకు తెలిసినట్టు లేదు.

వెనక ఇంజన్ హోరెత్తింది. చక్రాలు జారకుండా ఇంజన్ వాటి ముందు పట్టాల మీద సన్నగా ఇసుక రాల్చింది. డబ్బాల కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి ఒరుసుకుని టంగు టంగుమని గుట్ట మీదికి పోయింది చప్పుడు. చివరి డబ్బా బెత్తెడు కదిలింది. జనం హో అన్నారు. అంతలోనే పైన ఎక్కడో ఇనుము ఇనుము మీద గిర్రున తిరిగిన కీచుమోత. ముందు ఇంజన్ల చక్రాలు జారాయి. వెంటనే పొట్టి కూతలు వచ్చాయి, వెనక ఇంజన్ వాటికి జవాబు చెప్పింది, హోరు తగ్గింది. బండి బ్రేకుల మీద బుసకొట్టి నిలబడిపోయింది.

"లేవలే," అన్నాడు హనుమండ్లు. "ఇంకోపాలి చూస్తరు."

ఫజలుద్దీన్‌కు చిరాకు నెత్తికెక్కింది. ఆ చిరాకు బండి మీదో, చెవిలో ఇంకా తిరుగుతున్న ఆ 'చలో' మీదో ఆయనకే తెలియదు. ప్లాట్‌ఫారం చివరిదాకా విసవిసా నడిచాడు. అక్కడి నుంచి ఇంజన్ కిటికీ కనబడుతోంది. కిటికీలోంచి ఒక పిల్లవాడు తల బయటపెట్టి, వానలోకి చెవి పెట్టి కూర్చున్నాడు. సాద్. నెత్తి తడిసి నుదుటికి అతుక్కుంది.

కాబోయే మామను చూసి సాద్ ఉలిక్కిపడ్డాడు. కుడిచేయి నుదుటి దాకా పోయింది. ఎడమచేయి మాత్రం పనిలోంచి లేవలేదు. "అస్సలామ్ అలైకుమ్ చాచా," అన్నాడు.

ఫజలుద్దీన్ సలాముకు జవాబిచ్చి ఊరుకోలేదు. "చూస్తవేంది బేటా, నూకు! గింత పెద్ద ఇంజన్ చేతుల పెట్టుకొని మందిని పరేషాన్ చేస్తున్నవ్. గట్టిగ ఒక్క నూకుడు నూకితే పోదా?"

"నూకితే పోతది చాచా. కని ముందటాయన ఇంక అడగలే."

"ఆయన అడుగుడేంది? నీకు కనవడ్తలేదా బండి నిలవడ్డది?"

"నాకు కనవడేది గీ ఒక్క డబ్బా ఎనకభాగమే చాచా," అన్నాడు సాద్, ముఖం గుట్ట వైపు తిప్పుకునే. "ముందట ఏమున్నదో ఆయనకెరుక. ఆయన బ్రేకు మీద ఉన్నప్పుడు నేను నూకిన్ననుకో, నడుమ డబ్బాలు నలిగి పట్టాలకెల్లి లేస్తయ్. నేను చేతులు ఇడిసినప్పుడు ఆయన గుంజిండనుకో, కొక్కెం తెగుతది. అందుకే ఆయన అడగాలె, నేను జవాబియ్యాలె. జవాబు ఇనవడ్డంకనే ఇద్దరం ఒక్కపాలె. వాకీటాకీ ఉన్నది గని గుట్ట అడ్డమొస్తే గురగుర తప్ప మాట రాదు. కూతనే గట్టి." ఒక్క క్షణం ఆగి, "నన్ను జర ఇననియ్యి చాచా," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

ఇంకొకప్పుడైతే పిల్లలు తన నోరు మూయిస్తే ఫజలుద్దీన్ ఊరుకునే మనిషి కాదు. ఇప్పుడు నోరు దానంతటదే మూతపడింది. జవాబు వినబడ్డాకే ఇద్దరూ ఒక్కసారి. ఈ మాట ఆయన ఎక్కడో విన్నాడు. విన్నాడేమిటి, చెప్పిందే తాను.

మంచిర్యాలలో ఆయనకు దుకాణం లేని రోజులవి. ఉన్నదల్లా ఒక రిక్షా బండి, ముందు తొక్కేది, వెనక సామాను చెక్క. గోదాం నుంచి తాళ్ల చుట్టలు, టార్పాలిన్ కట్టలు వేసుకుని మార్కెట్‌కు రావాలంటే పట్టాల పక్కన ఒక ఎత్తైన గడ్డ ఎక్కాలి. ఖాళీ రిక్షాను కూడా అక్కడ దిగి నడిపించుకుంటారు. ఆయన ముందు నిలబడి తొక్కేవాడు, ఉమ్రావ్ బేగం బురఖా కొంగు నడుముకు చుట్టి వెనక నుంచి నూకేది. కట్టలు ఆయన తల కంటే ఎత్తు. ఆమె ఆయనకు కనబడేది కాదు, ఆయన ఆమెకు కనబడేవాడు కాదు. ఇంట్లో ఎవరూ లేరు కనుక పసిదాన్ని ఆ కట్టల మీదే పండబెట్టేవాళ్లు. హుస్నా.

ఒకనాడు గడ్డ నడుమ ఎద్దు అడ్డమొచ్చి ఆయన బ్రేకు వేశాడు. వెనక ఉన్న మనిషికి ఆ సంగతి తెలియదు. బరువు ఆగిపోతోందని ఇంకా బలంగా నూకింది. బండి అడ్డంగా మెలితిరిగి పక్కకు పడింది. హుస్నా కనుబొమ్మ మీద మచ్చ ఆనాటిదే. పిల్లను ఎత్తుకుని ఇద్దరూ రోడ్డు మీద కూర్చుని ఏడ్చారు. ఆ సాయంత్రమే ఫజలుద్దీన్ ఒక పద్ధతి పెట్టాడు. గడ్డ మొదట్లో ఆయన రిక్షా గంట ఒక్కసారి కొట్టాలి. వెనక నుంచి ఆమె 'చలో' అనాలి. ఆ మాట చెవిన పడితేనే ఆయన కాలు పెడల్ మీద వేయాలి. ఒక్కోసారి ఆమె కొంగు సర్దుకుంటూనో, ఊపిరి తీసుకుంటూనో ఆలస్యం చేసేది. ఎంత ఆలస్యమైనా ఆగేవాడు. జవాబు రాకుండా కాలు వేసిన రోజు ఒక్కటి లేదు.

తర్వాత ట్రాలీ ఆటో వచ్చింది, దుకాణం వచ్చింది. గడ్డ పోయింది. గంట కూడా పోయింది. ఆయన ఆమెను అడగడం ఏ రోజున మానేశాడో ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తు రాలేదు.

మెల్లగా వెనక్కి నడిచి వచ్చాడు. ఉమ్రావ్ బేగం హనుమండ్లు పక్కన నిలబడి ఉంది. ఈసారి ఆయన ఆమె ముందు నిలబడలేదు, పక్కన నిలబడ్డాడు. ఆమె గొడుగు కొంచెం ఆయన మీదికి జరిపింది.

గుట్ట అవతల నుంచి కూత మళ్లీ వచ్చింది.

స్టేషన్ అంతా చప్పుడు లేకుండా అయింది. చాయ్ అమ్మే మనిషి స్టవ్ తగ్గించాడు. కిటికీలో సాద్ తల ఇంకో క్షణం అలాగే ఉంది. తర్వాత లోపలికి పోయింది. వెనక ఇంజన్ జవాబు కూసింది. ఫజలుద్దీన్ ఆ కూతను కాకుండా పక్కన ఉన్న పెదవులను విన్నాడు. అవి మళ్లీ కదిలాయి.

ఈసారి హోరు ఒక్కసారిగా లేవలేదు. కడుపులోంచి వచ్చే మూలుగులా మొదలై, నేలలోకి దిగి, చెప్పుల్లోంచి మోకాళ్ల దాకా ఎక్కింది. ఇసుక రాలుతూనే ఉంది. కొక్కేల చప్పుడు టంగు టంగుమని ఇక్కడి నుంచి బయల్దేరి గుట్ట మీదికి ఎక్కుతుంటే, అదే సమయంలో పై నుంచి ఇంకో చప్పుడు కిందికి దిగుతోంది. రెండు చప్పుళ్లూ ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నాయి. ఆ మలుపు వెనక, ఎవరికీ కనబడని చోట, రెండూ కలిసి ఆగిపోయాయి. ఒక్క రెప్పపాటు ఏమీ జరగలేదు. ఇంత ఇనుమూ, ఇంత బొగ్గూ, ఇంత వానా ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డాయి.

చివరి డబ్బా చక్రం తిరిగింది. అంత నెమ్మదిగా తిరిగే చక్రాన్ని ఫజలుద్దీన్ ఎన్నడూ చూడలేదు. దాని మీద అంటుకున్న ఒక మోదుగాకు పైకి వచ్చి, ముందుకు వంగి, కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చింది. ఆ ఆకు ఒక చుట్టు తిరిగేసరికి అరవై డబ్బాల కొండ ఒక చుట్టు మీదికి ఎక్కింది. ఇంకో చుట్టు. ఇంకోటి. పైన గుట్ట భుజం మీద కూడా డబ్బాలు కదులుతున్నాయి. అక్కడివీ ఇక్కడివీ ఒకే అడుగు వేస్తున్నాయి. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు డ్రైవర్లు, నడుమ ఒక గుట్టను పెట్టుకుని, ఒక్క ప్రాణంలా లేస్తున్నారు.

 "సుభానల్లా," అన్నాడు ఫజలుద్దీన్.  ప్యాసింజరు కిటికీలన్నింట్లో తలలే. ఎవరూ అరవలేదు, ఈలలు వేయలేదు. పెద్ద వర్షం గోదావరి మీదికి వస్తుంటే ఒడ్డున జనం చూసినట్టు చూశారు.

"ఒక ముచ్చట చెప్పనా సేఠ్?" అన్నాడు హనుమండ్లు, కళ్లు బండి మీది నుంచి తీయకుండా. "ముందటి డబ్బాలను ముందటి ఇంజన్లు గుంజుతయ్. ఎనకటి డబ్బాలను ఎనకది నూకుతది. నడుమ యాడనో ఒక డబ్బా ఉంటది. దాన్ని ఎవ్వలు గుంజరు, ఎవ్వలు నూకరు. అండ్ల గూడ అన్నిటి లెక్కనే బొగ్గుంటది. కని దానికి బరువే తెల్వది. కడుపుల సల్ల కదలకుంట గుట్ట ఎక్కిపోతది. అది ఏ డబ్బానో కనిపెడదామని నేను గీడికి వచ్చిన కానుంచి చూస్తున్న. దొరకలే."

ఫజలుద్దీన్‌కు దొరికింది. టార్పాలిన్ కట్టల మీద వెల్లకిలా పడుకుని, పైన ఆకాశం ఊగుతుంటే కాళ్లు ఆడించుకుంటూ నవ్విన పసిది. ముందు ఒకడు కాళ్లు పడిపోయేలా తొక్కుతున్నాడనీ, వెనక ఒకామె చేతులు బొబ్బలెక్కేలా నూకుతోందనీ దానికి తెలియదు. ఆ పిల్లే మొన్న 'నాకు ఇష్టమే' అని కళ్లనీళ్లు పెట్టుకుంది. జవాబు వినకుండా గుంజిన బండి ఏమవుతుందో తెలిసిన మనిషి, పొద్దున్నే బయల్దేరి అదే బండిని మళ్లీ బోర్లా వేయడానికి పోతున్నాడు. ఆయనకు తన మీద తనకే సిగ్గు పుట్టింది.

వెనక ఇంజన్ కూడా రాతి కోతలోకి వంగింది. సాద్ చేయి ఒకసారి కిటికీలోంచి బయటికి వచ్చి ఊగింది. తర్వాత మలుపు దాన్ని మింగేసింది. హోరు మాత్రం చాలాసేపు గుట్టలో తిరుగుతూ, సన్నబడుతూ పైకి పోయింది. ఎప్పటికో శిఖరం నుంచి ఒక్కటే పొడుగు కూత వచ్చింది.

"గదేంది? మల్ల నిలవడ్డదా?" అని అడిగాడు ఫజలుద్దీన్ కంగారుగా.

హనుమండ్లు నవ్వాడు. "లేదు సేఠ్. ఎక్కేసింది. గాడ మీద ఎనక ఇంజన్‌ను ఇప్పి ఇడిసిపెడ్తరు. అది ముందటాయన సలాం. గట్ల కూయాలని ఏ రూల్ల లేదు. కని కూయకుంట పోయిన డ్రైవర్‌ను నేను ఇంతవరకు చూడలే."

ఫజలుద్దీన్ గుట్ట వైపే చూస్తూ నిలబడ్డాడు. తన గడ్డ దాటి చాలా ఏళ్లయింది. పైకెక్కాక ఆ పొడుగు కూత తాను ఎన్నడూ కూయలేదు.

ప్యాసింజరుకు ఆకుపచ్చ జెండా ఊపారు. అలవాటు చొప్పున ఆయనే ముందు ఎక్కాడు. ఎక్కినవాడు లోపలికి పోకుండా తలుపు దగ్గరే ఆగి చేయి చాచాడు. ఉమ్రావ్ బేగం ఆ చేతిని ఎవరిదో అన్నట్టు ఒక క్షణం చూసి, పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన ఆమె కూర్చుంది. బండి ఘాటు ఎక్కుతుంటే ఆమె గుట్టను చూసింది, ఆయన ఆమె చేతులను చూశాడు.  ఆమెతో మాట ఏమని మొదలుపెట్టాలో కాగజ్‌నగర్ దాకా ఆయనకు తెలియలేదు. ముందు నడిచీ నడిచీ, పక్కనున్న మనిషితో మాట్లాడే దారి మరిచిపోయాడు.

సాద్ వాళ్ల ఇల్లు చిన్నదే, శుభ్రంగా ఉంది. వాళ్లమ్మ చాప మీద కొత్త దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. ఉమ్రావ్ బేగం భర్తకు కాస్త వెనకగా సర్దుకుంది. చాయ్, బిస్కెట్లు వచ్చాయి.  మంచిర్యాల నుంచి ఇద్దరూ కలిసి వచ్చారంటే అది ఔనో కాదో తేల్చడానికేనని సాద్ తల్లికి తెలుసు. మోయిజ్ నోరు ఎంత దూరం వినబడుతుందో కూడా తెలిసే ఉంటుంది.

"పిల్లగాడు డ్యూటీ దిగి వస్తున్నడు భాయిజాన్. మీరేం అనుకున్నరో..." అని సగంలో ఆపేసింది.

ఫజలుద్దీన్ నోరు తెరిచాడు. ఔను అనే మాట నాలుక చివరే ఉంది, చెప్పేస్తే అయిపోతుంది. కానీ అది కూడా ఆయన ఒక్కడి మాటే అవుతుంది. మొన్న కాదన్నదీ ఆయనే, ఇప్పుడు ఔననేదీ ఆయనే. వెనక మనిషికి ఈ సంబంధం ఇష్టమో లేదో ఇంతవరకు ఆయనకు తెలియదు. తల్లి మనసులో ఏ భయం ఉందో, ఏ సందేహం ఉందో ఆయన ఎన్నడూ తొంగి చూడలేదు. నోరు మూసుకున్నాడు.

చాయ్ గ్లాసు కింద పెట్టి, చక్కెర కలిపిన చెంచా తీసుకుని, గ్లాసు అంచు మీద ఒక్కసారి కొట్టాడు.

టింగ్‌మంది.

సాద్ తల్లికి అర్థం కాలేదు. చక్కెర తక్కువైందేమోనని డబ్బా అందుకోబోయింది. ఫజలుద్దీన్ వద్దన్నట్టు చేయి ఎత్తి, తల వంచుకుని కూర్చున్నాడు. తిరిగి చూడలేదు. ఆనాడూ చూసేవాడు కాదు, కట్టలు అడ్డం ఉండేవి. చెవి మాత్రం వెనక్కి పెట్టాడు.

ఉమ్రావ్ బేగం చేతిలో బిస్కెట్ అలాగే ఉండిపోయింది. ఆ చప్పుడు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ వెంటనే మాట రాలేదు. కొంగు సర్దుకుంది. ఎన్నేళ్ల తర్వాతో అడిగాడు, కాసేపు ఆగనీ అనుకుందో, లేక నిజంగానే బిడ్డ భవిష్యత్తును చేతుల్లో పెట్టుకుని బరువు చూసుకుందో.  ఆమె కాదంటే కాదే, అనుకున్నాడు ఫజలుద్దీన్. అంత భయమూ, అంత నెమ్మదీ ఆయనకు ఒకేసారి ఎన్నడూ కలగలేదు. బయట వాన చూరు మీది నుంచి కారుతోంది. ఆయన ఆగాడు. ఎంత ఆలస్యమైనా ఆగాడు.

అప్పుడు వెనక నుంచి వచ్చింది జవాబు. మాట గట్టిగానే ఉంది.

"చలో."

ఫజలుద్దీన్ కళ్లు తుడుచుకుని తల ఎత్తాడు. "విన్నరా బహెన్?" అన్నాడు సాద్ తల్లితో. "మా దిక్కుకెల్లి ఖాయం."